కుంటుతూనే నడవమను

తామ్వే, యాంగాన్
జూన్, వానలు పట్టుకున్నాక

ఒలే తులసీ,

ముందు కూర్చో, కూర్చున్నాక చదువు. నీ కొడుకు నిక్షేపంగా ఉన్నాడు, మూడు పూటలా తింటున్నాడు, నా వంటకి వంకలు కూడా పెడుతున్నాడు. కాలు మాత్రం పాడైంది.

మొన్న సాయంత్రం బాస్కెట్‌బాల్ ప్రాక్టీసులో హ్తెట్ రీబౌండ్‌కి, రింగుకి తగిలి వెనక్కొచ్చిన బంతికి, ఎగిరాడు. ఎంత ఎత్తు ఎగిరాడనుకున్నావ్! దిగడం మాత్రం పక్కవాడి పాదం మీద దిగాడు. మోకాలు లోపలికి మెలితిరిగిపోయింది. పబేడాన్‌లో నా దోశ కొట్టు మధ్యాహ్నానికే కట్టేసి వాళ్ళ ఆట చూడ్డానికి పోతానని నీకు తెలుసు కదా, అక్కడే ఉన్నాను. వాడి అరుపు విని గ్రౌండులోకి పరిగెత్తాను. మోకాలి లోపల లిగమెంట్ కొంత చిరిగిందన్నాడు డాక్టరు. కోసి కుట్టక్కర్లేదట. కాలికి పట్టీ, చేతికర్ర, ఆర్నెల్లు ఆట బంద్.

అంటే డిసెంబరు టోర్నీ పోయినట్టే. నువ్వూ నేనూ ఒకే జట్టులో ఆడిన రోజుల నుంచి ఈ కాలేజీల టోర్నీకి నేను వెళ్ళని ఏడు లేదు. ఈసారిది, రెండో ఏడు చదువుతున్న నీ కొడుకుది కావాల్సిన సీజను. పైగా జట్టులో పిల్లలే లేరు. పోయినేడు పన్నెండుమంది ఉండేవారు, ఇప్పుడు ఎనిమిదిమంది. తక్కినవాళ్ళు ఏమయ్యారని కోచ్‌ని అడిగితే, వినపడనట్టు బంతికి గాలి కొట్టుకుంటూ కూర్చున్నాడు.

వాడు గోడవైపు తిరిగి పడుకుని, వచ్చీరాని తెలుగులో "పిన్నీ, నా సీజన్ ఎలిపోనాది" అని ఏడ్చాడు. నాకూ ఏడుపొచ్చింది. లేచెళ్ళి దోశ వేసి పెట్టాను.

ఇలాంటివి ఫోనులో వద్దన్నావు కాబట్టి బస్సు నడిపే మన చిట్టిబాబు చేతికిచ్చి పంపిస్తున్నాను.

నీ సుధామణి

~

మోలమైన్
జూన్ చివర

సుధా,

చిట్టిబాబు బస్సు దిగి నేరుగా ఇంటికే తెచ్చిచ్చాడు. చదివి నేనేం చేశానో చెప్తే ఇది తల్లేనా అంటావు. దేవుడి దగ్గర దీపం పెట్టాను. మా ఆయన టిన్ ఆంగ్ నాకు మతి పోయిందనుకుని మంచినీళ్ళు తెచ్చిచ్చాడు. కూర్చోబెట్టి విడమరిచి చెప్పాక ఆయన కూడా దీపం దగ్గరే కూర్చున్నాడు.

పద్దెనిమిది దాటిన మగపిల్లల్ని సైన్యంలోకి బలవంతంగా తీసుకుపోతున్న సంగతి నీకు నేను చెప్పాలా? చదువుకుంటున్నవాణ్ణి చదువయ్యేదాకా వదిలేస్తారు, ఒంట్లో బాగోలేనివాణ్ణి బాగయ్యేదాకా వదిలేస్తారు. ఇన్నాళ్ళూ నా కొడుక్కి కాలేజీ ఒక్కటే అడ్డుగోడ. ఇప్పుడు రెండో గోడ లేచింది. వాడి మోకాలు చిరిగిందని నేను సంతోషించాను సుధా. పాపమైతే నాకే తగలనీ.

చేతికర్ర లేకుండా వాడు గుమ్మం దాటకూడదు. క్లాసు ఒక్కటి కూడా ఎగ్గొట్టకూడదు. ఫోను సంగతి మళ్ళీ చెప్తున్నాను, కాలు గురించి ఒక్క ముక్క ఫోనులో ఉండకూడదు. రోడ్ల మీద సైన్యం పెట్టిన తనిఖీ గేట్ల దగ్గర ఫోన్లు లాక్కుని చూస్తున్నారు. కాగితం మీద తెలుగైతే ఎవరి చేతిలో పడినా భయం లేదు. కోవెల బడిలో చెవులు మెలిపెట్టి నేర్పిన అక్షరాలు, ఇన్నాళ్ళకి అక్కరకొచ్చాయి.

జాగ్రత్త.

తులసి

ఆ రీబౌండ్ వాడికి దొరికిందా లేదా? అది రాయలేదు నువ్వు.

~

తామ్వే, యాంగాన్
ఆగస్టు

ఒలే తులసీ,

దొరికింది. బంతి రెండు చేతుల్తో పట్టుకునే కింద పడ్డాడు. చాలా? అంత ఏడ్చి, అంత భయపెట్టి, చివర్లో అదడిగావు చూడు, కొట్టులో ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

చేతికర్రతోనే కాలేజీకి వెళ్తున్నాడు. సాయంత్రం గ్రౌండులో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, కూర్చున్న చోటి నుంచే బాస్కెట్లు వేస్తున్నాడు. నిలబడ్డవాళ్ళకన్నా వీడివే ఎక్కువ పడుతున్నాయి. చూసేవాళ్ళంతా ఆడవాళ్ళమే. మగపిల్లలు చీకటి పడకముందే ఇళ్ళకి పోతున్నారు.

కొట్టులో రోజూ వాడి మీదే పంచాయితీ. మన పాత జట్టు భానుప్రియ వచ్చి కూర్చుంటుంది కదా, "కాలు తగ్గగానే ఆడించాల. ఆడనోడికి ఆట మిగల్దు" అంటుంది. ఎదురు బల్ల మీద ట్యూషన్లు చెప్పుకునే జోగి మాస్టారేమో, "ఆట కూడెడతాదేటే? సదూకోనీ. ఈ రోజుల్లో సదువుంటేనే ఇంట్లో ఉంటాడు" అంటాడు. దోశలు చల్లారిపోతాయి గానీ వాళ్ళు చల్లారరు. నేనెటువైపో నీకు తెలుసు. పుస్తకం ముందు కూర్చున్నప్పుడు వాడి మొహం చూశాను, బంతి పట్టుకున్నప్పుడు చూశాను. రెండోదే వాడు.

ఇంకొకటి. పోయిన వారం, సైన్యానికి పేర్లు రాసిచ్చే మా వార్డు పెద్ద వచ్చాడు, ఏ ఇంట్లో ఎవరుంటున్నారో చూసుకోడానికి. చాలా మర్యాదగా మాట్లాడాడు. మంచినీళ్ళిస్తే తాగి, హ్తెట్ చేతికర్ర చూసి, పాపం, ఎన్నాళ్ళు పడుతుంది నాయనా అనడిగాడు. మనవాడు నవ్వుతూ డిసెంబరుకల్లా తగ్గిపోతుందన్నాడు. ఆయనా నవ్వాడు. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, "డిసెంబరా" అన్నాడు. అంతే, వెళ్ళిపోయాడు.

నాకెందుకో ఆ గ్లాసు కడగబుద్ధి కాలేదు. పారేశాను.

సుధ

~

మోలమైన్
సెప్టెంబరు

సుధామణికి,

ఆ 'డిసెంబరా' చదివిన దగ్గర్నుంచి నాకు అన్నం సయించట్లేదు. నువ్వు పక్కనుండి ఏం చేస్తున్నావు? ఎవరడిగినా తగ్గదని చెప్పాలి. డాక్టర్లు పెదవి విరిచారని చెప్పాలి. ఆ మాత్రం నేర్పలేదా వాడికి?

మా వీధిలో సంగతి విను. మా పక్కింటి చిలకమ్మ కొడుకులిద్దరు, తాగే నీళ్ళ డబ్బా తేవడానికి సాయంత్రం సందు చివరికి వెళ్ళారు. డబ్బా రోడ్డు పక్కన దొరికింది, పిల్లలు దొరకలేదు. చిలకమ్మ ఆ ఖాళీ డబ్బా గుమ్మంలో పెట్టుకుని కూర్చుంటోంది. ఎవరు పలకరించినా, "మా గుంటలు నీళ్లకెల్లారమ్మా, వత్తారు" అంటుంది. నేను ఆ ఇంటి ముందు నుంచి వెళ్ళడం మానేసి చుట్టు తిరిగి వెళ్తున్నాను. నాకు ఆవిడంటే భయంగా ఉంది. ఆవిడ మొహంలో నా మొహం కనపడుతోంది.

అందుకని కచ్చితంగా చెప్తున్నాను. కాలు తగ్గినా సరే, కుంటుతూనే నడవమను. వీధిలో కుంటాలి, కాలేజీలో కుంటాలి, నీ ఇంట్లో కిటికీ తీసి ఉంటే ఇంట్లోనూ కుంటాలి. వాడు మొదటిసారి అడుగులేసినప్పుడు చప్పట్లు కొట్టిన దాన్ని నేనే. ఇప్పుడు సరిగ్గా నడవకురా అని చెప్పాల్సి వస్తోంది.

నువ్వూ, భానుప్రియా ఆట ఆట అంటున్నారు. నేను ఆడలేదా? మీ ఇద్దరికన్నా బాగా ఆడాను, కాదని చెప్పు చూద్దాం. ఆట నాకు నిన్నిచ్చింది, ఒప్పుకుంటాను. అంతకన్నా ఎక్కువ అడగొద్దు దాన్ని. నా కొడుకుతో మాత్రం అడగొద్దు.

తులసమ్మ

~

తామ్వే, యాంగాన్
అక్టోబరు

తులసీ,

తిట్టు, పడతాను. వాడికి చెప్పాను. కుంటుతున్నాడు. ఎంత బాగా కుంటుతున్నాడంటే, ఒక్కోసారి నేనే నిజమనుకుని చెయ్యందిస్తున్నాను. తలుపులు వేశాక మామూలుగా నడుస్తాడు. గదిలో ఆ చివర్నుంచి ఈ చివరికి ఊరికే నడుస్తాడు.

ఇప్పుడు రాసేది నువ్వు తట్టుకోవాలి. వాడికి ఈ కాలేజీలో సీటొచ్చింది మార్కుల మీద కాదు, ఆట మీద. ఆటగాళ్ళ సీటది, డబ్బు కట్టి నిలబెట్టుకునేది కాదు. నిన్న పిలిచి చెప్పారట, ఏడాదంతా జట్టులో లేనివాడికి ఆ సీటు ఉంచరట. డిసెంబరు టోర్నీలో వాడి పేరు లేకపోతే జనవరి నుంచి కాలేజీకి రానక్కర్లేదట. వేరే కాలేజీలో చేరే గడువు దాటిపోయింది, అడిగి చూశాను.

కాలేజీ పోతే మొదటి గోడ పోయింది. ఆడితే కాలు బాగుందని ఊరంతా చూస్తుంది, రెండో గోడ పోయింది. జోగి మాస్టారు తల పట్టుకుని కూర్చున్నాడు. "సదువు నిలవాలంటే ఆడాల. ఆడితే పేణం నిలవదు. ఇదేటి సుధామణీ ఇది?" అన్నాడు.

మోలమైన్ తెచ్చేద్దామా అంటే, దారిలో ఎన్ని గేట్లో చిట్టిబాబుని అడుగు. వాడి బస్సులో మగపిల్లలు ఎక్కడం మానేసి చాలా రోజులైందట.

నాకు తోచట్లేదు. ఆటలో అయినా చివరి నిమిషంలో నీవైపే కదా చూసేదాన్ని. ఇప్పుడూ అంతే, చెప్పు.

సుధ

~

మోలమైన్
నవంబరు

సుధా,

రెండు రాత్రులు టిన్ ఆంగూ నేనూ తన్నుకులాడాం. ఆఖరికి ఒక దారి దొరికింది. అది నీకూ తట్టాల్సింది, ఇంతకాలం ఆట చూసినదానివి.

పేరుండాలన్నారు గానీ ఆడాలనలేదు కదా? వాడి పేరు మ్యాచ్ షీటులో రాయించమని కోచ్ కాళ్ళు పట్టుకో. జెర్సీ వేసుకుని బెంచీ మీద కూర్చుంటాడు. చేతికర్ర బెంచీకి ఆనించి, అందరికీ కనపడేలా పెట్టమను. కాలికి పట్టీ లోపల కాదు, పైన కట్టమను. జట్టులో ఉన్నట్టూ ఉంటుంది, కాలు తగ్గనట్టూ ఉంటుంది. రెండు గోడలూ నిలుస్తాయి.

నువ్వు వాడికి ఎదురుగా కనపడే చోట కూర్చో. వాడు లేవబోతే తల అడ్డంగా ఊపు. వాడు నీ మాట వింటాడు. నా మాట కన్నా నీ మాటే వింటాడు, ఆ సంగతి నాకు తెలుసు, నాకు కుళ్ళు కూడా.

ఒట్టు వెయ్యి సుధా. ఏమైనా సరే, వాడు ఆ గీత దాటి లోపలికి దిగకూడదు.

తులసి

~

తామ్వే, యాంగాన్
డిసెంబరు

తులసీ,

ఈ ఉత్తరం మూడుసార్లు మొదలుపెట్టి చింపేశాను.

నువ్వు చెప్పినట్టే అంతా చేశాం. మనం ఆడిన పాత హాలే. కర్ర ఆనించి, పట్టీ పైకి కట్టుకుని కూర్చున్నాడు. మొదటి రెండు మ్యాచ్‌లూ అలాగే గడిచాయి. కాలేజీవాళ్ళు తృప్తిపడ్డారు. అక్కడితో ఆగిపోయి ఉంటే ఎంత బాగుండేది.

నిన్న ఫైనల్. జట్టులో హ్తెట్‌తో కలిపి ఏడుగురే మిగిలారు, ఎనిమిదోవాడు పోయిన నెల నుంచి కనపడట్లేదు. ఆట చివరికొచ్చేసరికి ఇద్దరు ఐదేసి ఫౌల్స్ చేసి బయటికొచ్చేశారు. లోపల నలుగురు, అవతల ఐదుగురు. ఒక్క పాయింటు వెనకబడి ఉన్నాం. కోచ్ బెంచీ వైపు చూడలేదు, మంచివాడు, నేల చూస్తూ నిలబడ్డాడు. హ్తెట్ మాత్రం నావైపు చూశాడు.

తల అడ్డంగా ఊపాలి. అంతే నా పని. నేను లేచి నిలబడి, గొంతు చిరిగిపోయేలా "దిగరా!" అని అరిచాను.

ఎందుకరిచానో నన్నడక్కు. జన్మంతా అదే అరిచాను కదా, నోటికి వేరే మాట రాలేదు. ఒక మూల నిలబడతాడులే, నలుగురికి ఐదో మనిషిలా ఉంటాడులే అనుకున్నాను. వాడు కర్ర పక్కన పెట్టి లోపలికెళ్ళాడు, మూలనే నిలబడ్డాడు కూడా. కానీ ఆఖర్న బంతి తిరిగి తిరిగి వాడి చేతికే వచ్చింది. ఒకణ్ణి దాటాడు, ఇంకొకణ్ణి దాటాడు, ఎగిరాడు. ఆ ఎగరడం అచ్చం నీదే తులసీ. ఒక్క పాయింటుతో గెలిచాం. వాణ్ణి భుజాల మీద ఎత్తుకున్నారు, దింపగానే నాకేసి పరిగెత్తుకొచ్చాడు. కుంటలేదు. కుంటమని ఆ క్షణంలో నేనూ గుర్తు చెయ్యలేదు.

హాల్లో వీడియో తీసింది మన భానుప్రియ ఒక్కర్తే, పై మెట్ల మీద కూర్చుని. ఇంకెవరూ ఫోను పైకెత్తలేదు. గేట్ల దగ్గర చూపించాల్సి వస్తుందని ఫోన్లు ఇళ్ళల్లోనే వదిలి వస్తున్నారు జనం. చెరిపెయ్యమంటే చెరిపేసింది, కానీ అప్పటికే నీకొక్కదానికి పంపానంది. చూసి వెంటనే తీసెయ్యి.

నన్ను తిట్టు, కానీ త్వరగా రాయి.

సుధ

~

మోలమైన్
డిసెంబరు

ఒలే సుధా,

నీ ఉత్తరం ఇంకా రాలేదు గానీ వీడియో వచ్చేసింది! తిట్టాలి నిన్ను, తిట్టే ఉత్తరం ఇంకొకటి రాస్తాను. ఇవాళ నా వల్ల కాదు.

ఎన్నిసార్లు చూశానో! ఫోను చచ్చిపోతే కరెంటొచ్చేదాకా చేతిలో పట్టుకునే కూర్చుని, రాగానే మళ్ళీ చూశాను. రెండోవాణ్ణి దాటేటప్పుడు ఎడం భుజం వంచాడు చూశావా? అది నేను వంచేది. వాడికెవరు నేర్పారు? వాడు పుట్టాక నేను ఆడిందే లేదు. టిన్ ఆంగ్ వీధిలోకెళ్ళి ఊరికే నిలబడి వచ్చాడు, సంతోషం పట్టలేక.

నాకూ ఒక్కదాన్నే చూసుకుంటే తనివి తీరలేదు. ఫేస్‌బుక్‌లో పెట్టాను. కంగారుపడకు, నేనేం వెర్రిదాన్ని కాదు. వాడి పేరు రాయలేదు, ఊరు రాయలేదు. 'నా కొడుకు మళ్ళీ ఎగిరాడు' అని తెలుగులో రాశాను. మన అక్షరం ఇక్కడ ఎవడు చదవగలడు? మనవాళ్ళే చూస్తారు. అప్పుడే ఎంతమంది మెచ్చుకున్నారో, చిన్నప్పుడు మనతో ఆడిన వాళ్ళు కూడా.

ఒక్కరోజు సుధా. ఒక్కరోజు నన్ను సంతోషంగా ఉండనీ. రేపట్నుంచి మళ్ళీ కుంటమను వాణ్ణి.

నీ తులసి

~

తామ్వే, యాంగాన్
జనవరి

తులసమ్మా,

టిన్ ఆంగ్‌ని పక్కన కూర్చోబెట్టుకుని చదువు.

హ్తెట్‌ని తీసుకెళ్ళారు. నిన్న పొద్దున్న కాలేజీకి బయల్దేరుతుంటే వార్డు పెద్ద వచ్చాడు, కూడా నలుగురున్నారు. ఆయన ఎప్పట్లాగే మర్యాదగా మాట్లాడాడు. కాలేజీ ఇచ్చిన ఉత్తరం చూపించాను. అది చదువుకునేవాళ్ళకి, వీడు ఆటగాడు కదమ్మా అన్నాడు. డాక్టరు కాగితం చూపించాను. ఫోను తీసి వీడియో పెట్టాడు. బాగా ఆడతాడు మీవాడు, దేశానికి ఇలాంటి కాళ్ళు కావాలి అన్నాడు.

ఆ వీడియో స్టేజీ వైపు నుంచి తీసింది. అది నువ్వు ఫేస్‌బుక్‌లో పెట్టింది కాదు. నేను కళ్ళారా చూశాను, భానుప్రియ పై నుంచి తీసిందీ అదీ వేరు. ఆ హాల్లో ఎవరెవరు తీశారో మనకేం తెలుసు? నీది కాదని మళ్ళీ రాస్తున్నాను, నువ్వు లేనిపోనివి ఊహించుకుని కుమిలిపోతావని. తప్పు నాది. అరిచింది నేను. నేను తల ఊపి ఉంటే వాడు ఇవాళ ఇక్కడ దోశ తింటూ ఉండేవాడు. ఇందులో నీ చెయ్యి లేదు, నీది కాదు ఆ వీడియో.

వాడు చెప్పులేసుకుంటూ, "పిన్నీ, అమ్మకి సెప్పకు, నానే సెప్తాను" అన్నాడు. గుమ్మం దిగి బండిదాకా కుంటుకుంటూ వెళ్ళాడు తులసీ. ఆ వీడియో చూసినవాళ్ళు ఇంక నమ్మరు, అయినా కుంటాడు, నువ్వు చెప్పావని.

ఇన్సేన్ దాటి ఉత్తరంగా ఏదో శిబిరానికి తీసుకెళ్ళారని తెలిసింది. అక్కణ్ణుంచి ఎటు పంపుతారో, ఎప్పుడు పంపుతారో ఎవరూ చెప్పట్లేదు. జోగి మాస్టారు తెలిసినవాళ్ళ దగ్గరికి తిరుగుతున్నాడు. నేను గేటు దాకా వెళ్ళి వచ్చాను. లోపలికి రానివ్వలేదు.

సుధామణి

~

మోలమైన్
జనవరి

సుధా,

మనం ఆడిన హాలది. అందులో స్టేజీ ఎక్కడుంది?

ఎవరూ ఫోను పైకెత్తలేదని డిసెంబరు ఉత్తరంలో నువ్వే రాశావు. అది నాకు అందేసరికి నేను పెట్టి రెండు రోజులైంది. చదివిన వెంటనే తీసేశాను. అప్పటికి ఎక్కడెక్కడికి పోయిందో. తెలుగులో రాస్తే ఎవరికీ తెలీదనుకున్నాను. ఎగిరే పిల్లాణ్ణి చూడ్డానికి ఏ అక్షరమూ అక్కర్లేదని నాకు తట్టలేదు. ఫోనులో ఒక్క ముక్క ఉండకూడదని నీకు పాఠాలు చెప్పినదాన్ని.

నీది కాదు, నీది కాదు అని ఒక్క ఉత్తరంలో ఎన్నిసార్లు రాశావే. ఆడే రోజుల్లో నేను తేలికైన బాస్కెట్ పోగొట్టినా, బంతి తడిగా ఉందని అందరికీ చెప్పుకొచ్చేదానివి. అలవాటు పోలేదు నీకు. ఈసారి వద్దు. ఇది నన్ను మొయ్యనీ.

నువ్వు దిగమన్నావు, వాడు దిగాడు. నేనక్కడుంటే నీకన్నా ముందు నేనే అరిచేదాన్ని. ఆ మాట నీకు చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

రేపు చిట్టిబాబు బస్సుకి వస్తున్నాను. టిన్ ఆంగ్‌ని తీసుకురావట్లేదు, ఆయన్ని చూస్తే పిల్లాడి పోలికలన్నీ తెలిసిపోతాయి. మనమిద్దరం ఆ శిబిరం గేటు దగ్గరికి పోదాం. లోపలున్నవాడు అవిటి కాలువాడు, వదిలెయ్యండి అని అడుగుతాను. వాళ్ళు వీడియో చూపిస్తారు. చూపించనీ. అందులో ఎగిరినవాడు వేరే ఎవరో, వాడు నా కొడుకు కాడు అని చెప్తాను. వాళ్ళు మళ్ళీ మళ్ళీ చూపించినా నా కళ్ళు మెరవకూడదు, నేనెరగను అనే చెప్పాలి.

బస్సులో వచ్చేదాకా అదే అనుకుంటూ వస్తాను, అక్కడ గొంతు వణక్కుండా. నువ్వు కూడా ఇప్పట్నుంచే అనుకో.

తులసి